మెరుపును చూసి రాయిని చెప్పే మా అవ్వ

మొన్న వంటింటి గట్టుకు రాయి చూద్దామని కర్నూలు శివార్లలో ఒక బండల దుకాణానికి పోయినాం. వెనక రేకుల షెడ్డులో కోత మిషను నడుస్తోంది. చక్రం మీద నీళ్లు ధారగా పడుతున్నాయి, కింద బూడిదరంగు బురద కాలువ కట్టింది. ఆ తడి రాతిపొడి వాసన తగలగానే నా కాళ్లు అక్కడే ఆగిపోయినాయి. తొలకరి మట్టి వాసనలో ఉండే తీపి దీంట్లో ఉండదు. గ్రీజు, వేడెక్కిన మోటారు, నానిన సున్నపురాయి, మూడూ కలిసి ముక్కు లోపలి దాకా పోతాయి. ఉద్యోగం మొదలుపెట్టిన ఏండ్లన్నీ ఆ వాసనలోనే గడిచినాయి నాకు.

నిలబెట్టిన ఒక బండ ముందు గొంతుక్కూర్చుని, చెంప బండకు ఆనేటంత దగ్గరగా పెట్టి, వాకిట్లోంచి వచ్చే వెలుతురు వైపు చూస్తున్నాను. దుకాణం పిల్లోడు దగ్గరికొచ్చి అడిగినాడు.

"సార్, మీరు బండల పని చేసినారా?"

చేసినాను నాయనా. కానీ ఆ చూపు నేర్పింది బండల పని కాదు, మా అవ్వ.

*

మాది తుగ్గలి పక్క పల్లె. నా చిన్నప్పుడు ఊళ్లో ఎక్కువ ఇండ్లు చౌడు మిద్దెలే. రాతి గోడలు, వాటి మీద దూలాలు, దూలాల మీద దంతెలు, పైన కట్టెలూ ఆకూ పరిచి మట్టి, ఆ మట్టి మీద చౌడు. చౌడు వాననీళ్లను లోపలికి దిగనివ్వదు. ఎండా, దొంగలూ రెండూ లోపలికి రాకూడదని కట్టుకున్న ఇండ్లు కాబట్టి కిటికీలు తక్కువ. వెలుతురు కావాలంటే మిద్దె నడిమధ్యలో ఉండే గవాచే దిక్కు. మూరెడు వెడల్పు కూడా ఉండని చదరపు కంత అది. మబ్బు పట్టిందంటే ఎవరో ఒకరు పైకెక్కి దాని మీద బండ మూసి రావాలి.

పొద్దెక్కేకొద్దీ గవాచిలోంచి దిగిన ఎండ పడమటి గోడ మీద పడేది. మెల్లగా గోడ దిగి నేల మీది నాపబండల మీదికి వచ్చేది. మధ్యాహ్నం తిరిగినాక తూర్పు గోడ ఎక్కేది. అవ్వకు గడియారం అదే. ఎండ రోటి దగ్గరికొస్తే సంగటికి ఎసరు పెట్టాల. తూర్పు గోడ సగానికి ఎక్కిందంటే ఎనుములు ఇంటికొచ్చే పొద్దు. కాలం మారితే ఎండ పడే జాగా మారుతుంది కదా, ఆ తేడా కూడా ఆమె లెక్కలోనే ఉండేది. ఎండాకాలం రోటికి ఈ పక్క, చలికాలం ఆ పక్క.

తరాలుగా తొక్కీ తొక్కీ నడిమి బండ నున్నబడిపోయింది. ఎండ దాని మీద పడిన ఘడియసేపు ఇంట్లో ప్రతి మూలా కనబడేది. బండ మీద నుంచి లేచిన వెలుతురు పొగచూరిన దంతెలను కింద నుంచి తాకేది. ఆ సమయానికి గంగాళం అక్కడ ఉంటే ఇంకో వింత. ఎవరైనా గడప దాటి అడుగు వేస్తే చాలు, గంగాళంలో నీళ్లు కదిలి, పైన మిద్దె అడుగున వెలుగు గీతలు అల్లుకునేవి, విడిపోయేవి, మళ్లీ అల్లుకునేవి. చెల్లెలు ఉయ్యాల్లో వెల్లకిలా పడుకుని ఏడుపు మానేసి వాటినే చూసేది. మా అమ్మ పని తెమలక గంగాళాన్ని కావాలనే అక్కడికి జరిపిన రోజులు ఉన్నాయి.

గాదె ఉన్న లోపలి గదిలో మాత్రం పట్టపగలు కూడా చీకటి. పగలు దీపం పెట్టడానికి అవ్వకు మనసొప్పేది కాదు, కిరసనాయిలు దండగని. ఇత్తడి పళ్లెం తెచ్చి గవాచి ఎండలో నిలబెట్టి అటూ ఇటూ వంచేది. వెలుతురు గడప దాటి పోయి గాదె మీద పడేది. "పట్టుకోరా, కదిలీయొద్దు" అని పళ్లెం నా చేతికిచ్చి లోపలికి పోయి శనక్కాయలు కొలుచుకునేది. పళ్లెం రవ్వంత వంగినా లోపల వెలుతురు జానెడు పక్కకు పోయేది. అద్దం ఎంత తిరిగితే వెలుగు దానికి రెండింతలు తిరుగుతుందని తర్వాతెప్పుడో బడిలో చెప్పినారు. దూరం పెరిగేకొద్దీ ఆ తేడా ఇంకా పెద్దదై కనబడుతుంది. చేతికి ఆ సంగతి ముందే తెలుసు.

ఆ వెలుతురు తెల్లగా ఉండేది కాదు. ఇత్తడి ఎండలోని నీలాన్ని చాలావరకు మింగేసి, పసుపునూ ఎరుపునూ ఎక్కువగా తిరిగి ఇస్తుంది. అందుకే లోపలి గదిలో అవ్వ చేతులు, శనక్కాయలు, గాదెకు పూసిన మట్టి, అన్నీ పసుపు నీళ్లలో ముంచి తీసినట్టుండేవి.

పండక్కి గోడలకు సున్నం కొట్టినప్పుడు, కాస్త నీలిమందు కలిపి, ఆ రోజు రాత్రి లాంతరు అదే అయినా ఇల్లు వేరుగా ఉండేది. సున్నం గోడ అద్దం కాదు, ముఖం చూపించదు. తన మీద పడినదాన్ని చాలావరకు అన్ని వైపులకూ పంచేస్తుంది. నువ్వు ఏ మూల కూర్చున్నా నీ వంతు నీకు వస్తుంది. వేలంత వత్తిలాంతరు ముందు అన్నదమ్ములం అందరం చదువుకున్నామంటే, ఆ గోడల పుణ్యం కూడా ఉంది.

*

పండగలకు ముందు కళాయి వేసే ఆయన వచ్చేవాడు. వీధి మొదట్లోనే "కళాయీ... బోకులకు కళాయీ..." అని కేక వినబడేది. రామాలయం ముందు వేపచెట్టు కింద చిన్న గుంత తవ్వి, తోలు తిత్తి అమర్చి, బొగ్గులు రాజేసేవాడు. తిత్తి ఊదేటప్పుడు ఒక గురక, బొగ్గులు చిటపటమని ఎగరడం, ఆడవాళ్లు ఒకదాని మీద ఒకటి పెట్టి తెచ్చిన ఇత్తడి గిన్నెల చప్పుడు. మధ్యాహ్నం నిద్రలు ఆ రోజు ఎవరికీ ఉండేవి కాదు.

ఇత్తడి గిన్నెలో పులుసు వండితే చిలుం పడుతుంది, తింటే వాంతులవుతాయి. అందుకని లోపల తగరం పూత ఉండాల. ఆయన గిన్నెను నిప్పుల మీద తిప్పుతూ కాల్చేవాడు. చిటికెడు నవాసారం చల్లగానే తెల్లటి పొగ లేచి మా అందరి ముక్కులూ మండేవి. ఆ నవాసారమే లోహం మీద మసిని విడగొడుతుంది. అది లేకుంటే తగరం అంటుకోదు. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది. కడ్డీ కొసను గిన్నెకు ఇట్ల తాకించి, దూదితో ఒక్క తిప్పు తిప్పేవాడు. అంతే. పసుపు గిన్నె లోపలంతా రెప్పపాటులో తెల్లబడేది. వెంటనే నీళ్లలో ముంచితే సుయ్యిమని ఒక అరుపు.

ఆ మొదటి మెరుపును చూడ్డానికే మేం తోసుకునేవాళ్లం. దూరం నుంచి గిన్నె లోపలికి తొంగి చూస్తే ముఖం తలకిందులుగా కనబడేది. తల బాగా లోపలికి పెడితే నిటారుగా, ముక్కు ఇంత లావై కనబడేది. బయటి వైపు తిప్పితే మొత్తం వేపచెట్టు, రామాలయం, ఎగబడే పిల్లకాయలు, ఆకాశం, అన్నీ చిన్నవై గిన్నె కడుపు మీద ఒక్కచోట చేరేవి. లోపలి గుంటకు ఒక గుణం, బయటి ఉబ్బుకు ఇంకో గుణం. పుటాకారం, కుంభాకారం అన్న మాటలు పదో తరగతిలో వచ్చినప్పుడు నాకు అవి కళాయి గిన్నె లోపలా బయటా అనే అర్థమైనాయి.

నెలలు గడిచేకొద్దీ ఆ మెరుపు బూడిదరంగుకు దిగేది. మళ్లీ ఆయన కోసం ఎదురుచూపు. తర్వాత పాతబట్టలకు స్టీలు సామాన్లు ఇచ్చేవాళ్లు ఊళ్లోకి రావడం మొదలైంది. మా అమ్మ నాయన పాత పంచెలు ఇచ్చి ఒక స్టీలు గిన్నె తీసుకుంది. అవ్వ దాన్ని చేతిలో తిప్పి తిప్పి చూసి, "దీనికి కళాయి అక్కరలేదంట. మరి ఆయప్ప యాడికి పోవాల?" అనింది. ఆయన ఎక్కడికి పోయినాడో నిజంగా మాకు తెలీదు. రావడం తగ్గిపోయింది, ఆ తర్వాత అసలే రాలేదు.

*

ఇప్పుడు మా పక్క అసలు సంగతికి వస్తాను.

తొలకరి వాన గట్టిగా ఒకటి పడిందంటే తుగ్గలి, జొన్నగిరి, పగిడిరాయి, మద్దికెర చేలల్లోకి జనం దిగుతారు. అనంతపురం జిల్లా వజ్రకరూరు పక్కా అంతే. వజ్రాల కోసం. ఇప్పుడు టీవీలవాళ్లు వచ్చి ప్రతి ఏడాదీ చూపిస్తున్నారు గానీ, మా అవ్వ చిన్నప్పటి నుంచే ఉంది ఇది. వజ్రకరూరు దగ్గర 110 కోట్ల ఏండ్ల కిందట భూమి లోతుల నుంచి తన్నుకొచ్చిన కింబర్లైటు గొట్టాలు ఉన్నాయి, వజ్రాలను పైకి మోసుకొచ్చే రాయి అది. బనగానపల్లె పక్కన పాత గులకరాతి పొరల్లోంచి వజ్రాలు తవ్వి తీసిన గనులు ఉండేవి. రాళ్లు అరిగి, కొట్టుకుపోయి, ఎర్రమట్టిలో గులకల మధ్య ఎక్కడో ఒకటి మిగిలి ఉంటుంది. వాన మట్టిని కడిగితే పైకి తేలుతుంది. అదీ ఆశ.

అవ్వ ఆ కాలం కోసం ఏడాదంతా ఎదురుచూసేది. పొద్దు పొడవకముందే సద్దిమూట కట్టి నన్ను లేపేది. అందరూ వంగి కాళ్ల కిందే చూసుకుంటూ నడుస్తుంటే, అవ్వ మాత్రం చేను పడమటి గట్టు నుంచి మొదలుపెట్టి పొద్దుకు ఎదురుగా నడిచేది. సాయంత్రం తూర్పు గట్టు నుంచి. నడినెత్తిన పొద్దున్నప్పుడు చెట్టు కిందికి వచ్చి కూర్చునేది. "నడిపొద్దు రాళ్లన్నీ ఒగటే మాదిరి ఉంటాయిరా, దానికి అందరూ సమానమే" అనేది.

"రాయిని సూడొద్దు. రాయి మీద ఎలుతురును సూడు."

ఇదే ఆమె మొదటి పాఠం. రెండోది ఇంకా బాగుండేది.

"గాజుపెంకు కండ్లు పొడుస్తాది. పలుగురాయి పాలు కారుస్తాది. కాకిబంగారం పారిపోతాది."

ఏ ఒక్కటీ వట్టిమాట కాదు. గాజు విరిగిన చోట నున్నగా ఉంటుంది. అందుకే ఒక్క చోటి నుంచి సూటిగా కంట్లోకి కొడుతుంది. పలుగురాయి లోపల కంటికి ఆనని నీటిబొట్లు, బుడగలు చిక్కుకుని ఉంటాయి. లోపలికి పోయిన వెలుతురు వాటికి తగిలి చెదిరిపోతుంది, అందుకే తెల్లదనం లోపలి నుంచి వస్తుంది. కాకిబంగారం అంటే అభ్రకం, పొరలు పొరలుగా ఉంటుంది, ప్రతి పొరా పలక. సరిగ్గా ఆ కోణంలో నిలబడితే ధగ్గుమంటుంది. ఒక్క అడుగు వేస్తే మాయం. దాని కోసం నేను ఎన్నిసార్లు వెనక్కీ ముందుకీ తిరిగినానో, అవ్వ గట్టు మీద నిలబడి, "పోనీరా, పారిపోయేదాని ఎంట పడకు" అనేది.

"మరి వజ్రం, అవ్వా?"

"అది తడిసినా తడవదు."

వజ్రం మీద నీళ్లు పరుచుకోవు, జిడ్డు మాత్రం అంటుకుంటుంది. అందుకే గనుల్లో జిడ్డు పూసిన బల్లల మీద గులకను నీళ్లతో పారించి వజ్రాలను పట్టేవాళ్లు. సాన పట్టని వజ్రం మనం దుకాణంలో చూసే వజ్రంగా మెరవదు. దానిది ఒక జిడ్డు మెరుపు. చుట్టూ తడి రాళ్లన్నీ నల్లబడి ఉంటే, అదొక్కటి వేరుగా నిలుస్తుంది. నేరుగా పడిన వెలుతురులో గాజు పైభాగం నూటికి 4 వంతులే తిప్పి పంపుతుంది, వజ్రం 17 వంతులు. వెలుతురును ఎంత వంచుతుందో చెప్పే వక్రీభవన గుణకం దానికి 2.42 కాబట్టి అంత బలం. అవ్వ చిన్నతనంలో పక్క చేనాయనకు ఒకటి దొరికితే ఒక్కసారి అరచేతిలో పెట్టి చూపించినాడంట. ఆ ఒక్క చూపుతో ఆమె బతుకంతా వెతికింది. ఆ చేనాయనకు వచ్చిన డబ్బుతో ఒక కాడి ఎద్దులు మాత్రం వచ్చినాయని, మధ్యన కొన్నవాళ్లు మిద్దెలు కట్టినారని ఊళ్లో చెప్పుకునేవాళ్లు.

తడి రాయి ఎందుకు నల్లబడుతుందో కూడా అవ్వ చేలోనే చూపించింది. ఎండు రాయి తెల్లగా కనబడేది దాని మీది గరుకుతనం వల్ల. ప్రతి చిన్న గుంతా వెలుతురును తలోపక్కకు చిమ్ముతుంది. నీళ్లు ఆ గుంతలను నింపితే వెలుతురు రాయి లోపలికి దిగుతుంది, నీటిపొరలోనే తిరిగి తిరిగి రాయికే అందుతుంది, బయటికి తక్కువ వస్తుంది. అవ్వ ఇంత చెప్పలేదు. రాయిని ఉమ్మితో తడిపి, "ఇదీ దీని అసలు రంగు. ఎండిన రంగు ముసుగు" అని నా అరచేతిలో పెట్టింది.

మాకు వజ్రం దొరకలేదు. దొరికినవన్నీ అవ్వ ఒక రేకు డబ్బాలో వేసేది. తేనెరంగు పలుగు ముక్కలు, కాకిబంగారం పెళ్లలు, నీళ్లల్లో అరిగిన ఆకుపచ్చ సీసాపెంకులు, ఎర్రటి రంగురాళ్లు. ఏదైనా మధ్యాహ్నం మనసు బాగలేకపోతే డబ్బా కిందికి వంచి గవాచి ఎండలో పరిచి, ఒక్కొక్కటీ తిప్పి చూసుకుంటూ కూర్చునేది. అడిగితే ఏమీ చెప్పేది కాదు.

*

హైస్కూల్లో సైన్సు సారు ఒకాయన ఉండేవాడు. పరావర్తనం పాఠం బోర్డు మీద కాకుండా వరండాలో చెప్పినాడు. రబ్బరు బంతులు కొన్ని గుప్పిట్లో పట్టుకుని, నున్నటి నాపబండ మీద ఒకే వాలున విసిరినాడు. అన్నీ ఒకే పక్కకు లేచినాయి. అవే బంతులను కంకర మీద విసిరినాడు. తలోపక్కకూ పోయినాయి. "ప్రతి బంతీ సూత్రం తప్పలేదు. పతనకోణం, పరావర్తనకోణం సమానమే. నేల సమానంగా లేదు, అంతే తేడా" అన్నాడు. ఒక బంతి మురికి కాలువలో పడిపోతే తనే దిగి తీసుకొచ్చినాడు.

ఆయనే మమ్మల్ని ఎర్రగుడికి తీసుకుపోయినాడు. అక్కడి బండల మీద అశోకుడి శాసనాలు ఉన్నాయి, లోకానికి తెలిసింది 1929లో. బ్రాహ్మీ లిపి, ప్రాకృత భాష. ఒకచోట కొన్ని పంక్తులు కుడి నుంచి ఎడమకు, కొన్ని ఎడమ నుంచి కుడికి నడుస్తాయి, మడక తిప్పినట్టు. మేం పోయేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది. బండ అంతా తెల్లగా వెలిగిపోతోంది, అక్షరం ఆనవాలు లేదు. పిల్లలు విసుక్కున్నారు. సారు అందరినీ నీడలో కూర్చోబెట్టి కథలు చెప్పి సాయంత్రం దాకా ఆపినాడు. పొద్దు వాలి, వెలుతురు బండను పక్క నుంచి రాచుకుంటూ పోవడం మొదలైనాక, గీతల ఒక అంచు మెరిసింది, రెండో అంచు నీడలో పడింది. ఒక్కొక్క అక్షరం లేచి నిలబడింది. రెండు వేల ఏండ్లు దాటిన రాత. నడిపొద్దుకు అందరూ సమానమే అన్న అవ్వ మాట అక్కడ నాకు చెవిలో వినబడింది.

ఆ రాత్రి తిరిగొస్తుంటే దారిపక్క కళ్లంలో కట్టేసిన ఎద్దుల మీద టార్చి వేసినాడు ఒకడు. చీకట్లో జతలు జతలుగా కళ్లు పచ్చగా మండినాయి. ఆడపిల్లలు కెవ్వుమన్నారు. ఎద్దు కంటి వెనక వెలుతురును తిప్పి పంపే పొర ఒకటి ఉంటుంది, మనుషులకు అది లేదు, అందుకే చీకట్లో వాటికి మనకంటే బాగా కనబడుతుందని సారు నడుస్తూనే చెప్పినాడు.

*

డిగ్రీ అయినాక బేతంచెర్లలో ఒక పాలిష్ ఫ్యాక్టరీలో లెక్కలు రాసే పని దొరికింది. ఇప్పుడది నంద్యాల జిల్లా, అప్పటికి కర్నూలు జిల్లానే. ఊరంతా బండలే. రైలు దిగగానే రాతిపొడి, చెట్ల ఆకుల మీద రాతిపొడి, హోటల్లో దోసె పెనం పక్కన రాతిపొడి. బండలు నలుపు, బూడిద, లేతాకుపచ్చ, పసుపు రంగుల్లో వచ్చేవి. గనిలోంచి వచ్చినప్పుడు వాటికి ఏ కాంతీ ఉండదు. చేత్తో తడిమితే గరుకు, చూస్తే మట్టి.

లెక్కల గది షెడ్డుకు ఆనుకునే ఉండేది. పని లేనప్పుడల్లా నేను మిషను దగ్గరే ఉండేవాణ్ణి. బండ మీద నీళ్లు పారుతుంటాయి. తిరిగే పళ్లేనికి సానరాళ్లు బిగిస్తారు. మొదట ముతకవి, తర్వాత అంతకన్నా సన్నవి, ఇంకా సన్నవి. ముతక రాయి పెద్ద గీతలను తీసి చిన్న గీతలు పెడుతుంది. సన్న రాయి ఆ చిన్న గీతలను తీసి ఇంకా చిన్నవి పెడుతుంది. గీతలు పోవు, చిన్నవవుతాయి. వెంట్రుక మందంలో వెయ్యో వంతు దరిదాపులకు దిగినాక వెలుతురుకు అవి లెక్కలోకి రావు. అక్కడి నుంచి బండ అద్దం. చివర్లో ఆక్సాలిక్ పొడి చల్లి నీళ్లతో రుద్దుతారు. ఆ ఆఖరి రుద్దుడులో, అప్పటిదాకా మొద్దుగా ఉన్న బండలోకి ఉన్నట్టుండి షెడ్డు కప్పు దిగి వస్తుంది. రేకులు, ఇనుప పట్టీలు, పట్టీ మీద పావురాయి. ఎన్ని బండలు చూసినా ఆ క్షణం నాకు పాతబడలేదు.

మేస్త్రీ పెద్దాయన. చదువు లేదు. బండను ఆయన పైనుంచి చూసేవాడు కాదు. పైన ట్యూబులైటు వెలిగించి, వంగి, బండలో ఆ ట్యూబులైటు గీతను చూసేవాడు. గీత సూటిగా ఉంటే బండ సమం. ఎక్కడ వంకర పోతే అక్కడ గుంత. "బండ అబద్ధం చెప్తాది, లైటు చెప్పదు" అనేవాడు. మా అవ్వ మాటే వేరే నోట విన్నాననిపించింది. ఆ రోజు నుంచి మా ఇద్దరికీ స్నేహం కలిసింది. పొద్దున్నే తలుపులు తీసేసరికి వాకిట్లోంచి వాలుగా వచ్చే ఎండలో పాలిష్ పట్టని బండలు కూడా మెరిసేవి, దాన్నే చూడమని నన్ను పిలిచేవాడు. ఎంత గరుకు రాయైనా కంటిని దాని అంచుకు దించి, వెలుతురుకు ఎదురుగా చూస్తే కాస్త అద్దమవుతుంది. వాలు పెరిగేకొద్దీ తిరిగొచ్చే వెలుతురు పెరుగుతుంది. చెరువును ఒడ్డున నిలబడి కిందికి చూస్తే అడుగున రాళ్లు కనబడి, దూరంగా చూస్తే ఆకాశం కనబడేది ఇందుకే. నేరుగా చూసినప్పుడు నీళ్లు తిప్పి పంపేది నూటికి 2 వంతులే.

ఆయన తల దువ్వుకునేది నల్లబండ ముందే. తెల్ల, పసుపు బండలు పక్కనే ఉన్నా వాటి వైపు పోయేవాడు కాదు. కారణం నాకు చాలా రోజులు తెలీలేదు. రెండు బండల పైభాగమూ వెలుతురును తిప్పి పంపేది దాదాపు ఒకే అంత, నూటికి 5 వంతులు. కానీ లేతరంగు బండ లోపలికి పోయిన వెలుతురు చెదిరి మళ్లీ బయటికి వచ్చి, ఆ 5 వంతుల బొమ్మను ముంచేస్తుంది. నల్లబండ లోపలికి పోయినదాన్ని మింగేస్తుంది. అడ్డం వచ్చేదేమీ ఉండదు, ముఖం తేటగా నిలుస్తుంది. కడప నల్లరాయికి అంత పేరు రావడంలో దాని నలుపుకే సగం వాటా ఉందని నా నమ్మకం.

కొనడానికి వచ్చిన ప్రతి ఆడమనిషికీ మేస్త్రీ ఒక మాట చెప్పి పంపేవాడు. "చింతపండు, నిమ్మకాయ దీని మీద పెట్టొద్దు తల్లీ." ఇది సున్నపురాయి, పులుపు తగిలితే పైపొర కరిగి గరుకవుతుంది, మెరుపు చస్తుంది. ఆ మాట మొదటిసారి విన్నప్పుడు మా ఇంటి బోకులు తోమే జాగా కళ్లముందుకొచ్చింది. అవ్వ అక్కడ కూర్చుని చింతపండూ బూడిదా వేసి ఇత్తడిని తోమేది. ఇత్తడి మీది చిలుమును ఆ పులుపే తీసేసేది, అదే పులుపు కింద బండను తినేసేది. చుట్టూ బండలన్నీ నున్నగా, ఆమె కూర్చునే చోట మాత్రం మొద్దుబారిన తెల్లటి మచ్చ ఒకటి ఉండేది.

మేస్త్రీకి దగ్గు ముదిరి పని మానేసినాడు. నేనూ కర్నూలుకు మారిపోయినాను.

*

అవ్వ పోయి చాలా ఏండ్లైంది. చివరి కాలంలో రెండు కళ్లలోనూ శుక్లాలు. ఆపరేషనుకు ఒప్పుకోలేదు. మనుషుల ముఖాలు కనబడేవి కావు, కానీ వాకిట్లో మంచం మీద కూర్చుని వచ్చేవాళ్ల చేతిలో ఏముందో చెప్పేది. "స్టీలు చెంబు తెస్తాండావు, ఇత్తడిది యాడ పెట్టినావు?" అని మా అమ్మను అడిగింది ఒకసారి. ఆకారం కనబడకపోయినా మెరుపు రంగు కనబడేది ఆమెకు.

తమ్ముడు ఇప్పుడు ఓర్వకల్లు పక్కన గని, శకునాల అనే ఊళ్ల దగ్గరి సోలార్ పార్కులో పలకలు కడిగించే పని చూస్తున్నాడు. 2017లో మొదలైంది, వెయ్యి మెగావాట్లు. దాదాపు ఆరు వేల ఎకరాల్లో నల్లటి పలకలు. ఒకసారి నన్ను తీసుకుపోయి చూపించినాడు. అంత ఎండలో అంత గాజు ఉంటే కండ్లు తెరవలేమనుకున్నాను. అట్ల లేదు. సిలికాన్ ఉత్తగా ఉంటే మీద పడిన వెలుతురులో నూటికి 30 వంతులకు పైగా వెనక్కి పంపిస్తుందట, అందుకని దాని మీద పూత పూసి, మెరుపును చంపి పెడతారు. "అన్నా, ఈడ మెరిస్తే నష్టం. మెరిసిందంతా కరెంటు కాకుండా పోయిందని లెక్క" అన్నాడు. దుమ్ము పడితే పలక తెల్లబడుతుంది, వెలుతురు చెదిరిపోతుంది, అందుకే వీళ్లు కడుగుతూనే ఉంటారు. అవ్వ చేతిలో పెరిగినవాళ్లం ఇద్దరం. ఒకడు మెరుపు పుట్టించేచోట పని చేసినాడు, ఇంకొకడు మెరుపు లేకుండా చూసేచోట పని చేస్తున్నాడు. ఆమె ఉంటే ఆ పలకల ముందు గొంతుక్కూర్చుని ఏమనేదో అని మేమిద్దరం ఆ రోజు దారిపొడవునా మాట్లాడుకున్నాం.

అవ్వ రేకు డబ్బాను పోయిన ఏడాది మా ఊరి హైస్కూలుకు ఇచ్చేసినాను. ఇప్పుడున్న సైన్సు టీచరమ్మ చీకటి గదిలో టార్చి వేసి ఒక్కో రాయీ తిప్పి చూపిస్తోందట. గాజేది, పలుగేది అని పిల్లలు చూడగానే చెప్పేస్తున్నారట. కాకిబంగారం కోసం మాత్రం అందరూ బెంచీలు దిగి అటూ ఇటూ తిరుగుతున్నారని ఫోనులో నవ్వుతూ చెప్పింది. గవాచి వెలుతురు ఎట్ల ఉండేదో కూడా పిల్లలకు చూపించాలని ఆమె కోరిక. మా మిద్దె కూలిపోయింది, ఆ జాగాలో స్లాబు లేచింది. ఊళ్లో మిగిలినవాటికి చాలావరకు సిమెంటుతో గవాచి మూసేసినారు. తమ్ముడు తిరిగి తిరిగి ఒకటి కనుక్కున్నాడు, చిన్నాయన వరసయ్యే ముసలాయన ఒక్కడే ఉంటున్న ఇల్లు. "పిల్లోల్లను తీసుకురాండి, నాకూ పొద్దు పోతాది" అన్నాడట ఆయన. వచ్చే ఆదివారం పొద్దున పది దాటినాక పోతాం, అప్పటికి ఎండ గోడ దిగుతుంది. అవ్వ ఇత్తడి పళ్లెం మా ఇంట్లోనే ఉంది. చింతపండు పెట్టి తోమాల, బండ మీద కాకుండా పెరట్లో మట్టి మీద.